మడమకు అంటని తారు

ఎండాకాలంలో నల్లగా నిగనిగలాడే తారు రోడ్డును జనం మెచ్చుకుంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవడో మేస్త్రీ కక్కుర్తి పడ్డాడనుకుంటాను. డబ్బు కక్కుర్తి కాదు, మెప్పు కక్కుర్తి. మంచి రోడ్డు ఏడాది తిరిగేసరికి బూడిదరంగుకు వస్తుంది, రాయి పైకి తేలుతుంది, దానివైపు ఎవరూ కన్నెత్తి చూడరు. ఇప్పుడు ఇంత తెలివిగా చెబుతున్నాను గానీ, ఇరవై ఆరేళ్ళ వయసులో ఎవరైనా చెబితే విన్నానా? చెప్పారు కూడా. వినలేదు.

డెబ్బైల చివర్లో కూసుమంచి పక్క ఊరి నుంచి బస్సెక్కి పాల్వంచ వచ్చాను. ఉన్న పొలం ఇద్దరన్నలకే చాలదు. నేను చదివిన పదో తరగతికి ఏ ఆఫీసులోనూ కుర్చీ లేదు. కోస్తా నుంచి వచ్చి ఇటు స్థిరపడిన ఒక కాంట్రాక్టరు మాకు దూరపు చుట్టం. ఆయన నన్ను తారు పనికి మేస్త్రీగా పెట్టుకున్నాడు. అక్కడి కంపెనీ కాలనీ ఒకదానిలో లోపలి రోడ్లన్నీ మాకే వచ్చాయి. క్వార్టర్ల సందులు, బడి ముందు రోడ్డు, గెస్ట్‌హౌస్ రోడ్డు, దవాఖానా రోడ్డు. షిఫ్టు సైరన్ మోగితే సైకిళ్ళు గుంపుగా వచ్చేవి. అవి పోయిందాకా తారు డబ్బాలు పక్కన పెట్టి నిలబడేవాళ్ళం.

కూలీలు ములకలపల్లి వైపు అడవి అంచు ఊరివాళ్ళు. పొద్దున్నే మా లారీ వెళ్ళి ఎక్కించుకొచ్చేది. పదిహేను మందిలో పదిమంది ఆడవాళ్ళే. తమలో తాము వాళ్ళ భాష మాట్లాడుకునేవాళ్ళు, నాతో తెలుగు. మొదట్లో వాళ్ళు ఏదో అనుకుని నవ్వుతుంటే నా గురించేనేమో అని మూతి ముడుచుకునేవాణ్ణి. తర్వాత కాస్త భాష తెలిశాక అర్థమైంది, నిజంగానే నా గురించే.

వాళ్ళలో తారు పోసే మనిషి ఒకామె ఉండేది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, ఆమెకూ సరిగ్గా తెలియదు. నేను అక్కా అనేవాణ్ణి, ఆమె నన్ను మేస్త్రీ అనేది. తారు పొయ్యడం అందరివల్లా అయ్యే పని కాదు. డ్రమ్ములో తారు అడవి కట్టెల మంట మీద కాగుతుంది. పొగ నీలంగా మారిందంటే మాడుతున్నట్టు, వెంటనే మంట తగ్గించాలి. కాగిన తారును చిల్లుల డబ్బాలో పట్టుకుని, ఊడ్చి శుభ్రం చేసిన కంకర మీద, వెనక్కి నడుస్తూ ఒకే తీరుగా ఒంపుతూ పోవాలి. చెయ్యి ఆగితే మడుగు కడుతుంది, తొందరపడితే పొడి మచ్చ మిగులుతుంది. ఆమె పిక్కల దాకా గోనెపట్ట చుట్టుకుని, టైరు చెప్పులు వేసుకుని, వాకిట్లో ముగ్గు పెట్టినంత సులువుగా పోసేది. వెనకాలే మిగతావాళ్ళు సన్న కంకర చల్లేవాళ్ళు, ఆపైన రోలర్ తిరిగేది.

రోలర్ పోయి రోడ్డు కొంచెం చల్లారాక ఆమె ఒక పని చేసేది. చెప్పు విప్పి, ఉత్త మడమను రోడ్డు మీద ఒత్తి, పది లెక్కపెట్టినంతసేపు ఉంచి, ఎత్తి చూసుకునేది. దుమ్ము అంటితే తారు సరిపోయినట్టు. నల్లగా అంటితే ఎక్కువైనట్టు. రాళ్ళు ఊడి మడమతో లేస్తే తక్కువైనట్టు. ఈ పరీక్ష ఏ ఇంజనీరు పుస్తకంలోనూ లేదు. ఎవరు నేర్పారని ఒకసారి అడిగితే, ఇంట్లో పేడతో అలికాక నేల ఆరిందో లేదో మడమతోనే చూస్తాం కదా, ఇదీ అంతేనంది. నేను నవ్వేశాను. అలికిన నేలకూ తారు రోడ్డుకూ పోలికేమిటని నా చదువు నాతో అంది.

ఆ ఏడాది శివరాత్రి ముందర ఆమె మొగుడికి దగ్గుతో రక్తం పడింది. ఆ మనిషి అంతకుముందు ఎన్నాళ్ళ నుంచి దగ్గుతున్నాడో ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పలేదట. కాలనీ దవాఖానా డాక్టరు చూసి, తొంభై సూదులు రోజుకొకటి చొప్పున వరసగా పడాలి, మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుంది అని చెప్పాడు. కంపెనీవాళ్ళను చూడటం అయిపోయాక, పన్నెండు దాటితేనే బయటివాళ్ళకు సూది వేసేవాళ్ళు. ఆమె నా దగ్గరకు వచ్చి, రోజూ లారీలో ఆయన్ను కూడా తెచ్చుకుంటానని అడిగింది. దానికేం, తెచ్చుకో అన్నాను. అప్పుడు ఆమె అన్న మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

"తొంభై పడితే మనిషి దక్కుతడంట మేస్త్రీ. నడుమ ఆగితే దక్కడంట."

అలా ఆయన మా పనిలో భాగమైపోయాడు. పొడుగాటి మనిషి, ఎముకలు లెక్కపెట్టొచ్చు. తారు పొగ తగలకుండా దూరంగా వేపచెట్టు కింద కూర్చుని మోదుగాకులతో విస్తర్లు కుట్టేవాడు. నేను ఎవరినైనా కేకలేస్తే, మేస్త్రీకి ఇయ్యాల పొద్దున ఇంట్లో అంబలి పొయ్యలేదని వాళ్ళ భాషలో అనేవాడు, అందరూ నవ్వేవాళ్ళు. పన్నెండయ్యాక పెళ్ళాం తోడురాగా దవాఖానాకు వెళ్ళి సూది వేయించుకుని వచ్చేవాడు.

ఆ సూదులు మొదలైన వారానికే దవాఖానా రోడ్డు పని పట్టుకున్నాం. గేటు నుంచి దవాఖానా మెట్ల దాకా ఒకటిన్నర ఫర్లాంగు. రెండు వైపులా గోరింట కంచె, కంచె పొడుగునా రెండడుగుల ఎర్రమట్టి బాట. చెప్పుల్లేనివాళ్ళంతా ఆ మట్టి మీదే నడిచేవాళ్ళు. కంపెనీ పై ఆఫీసరు హైదరాబాద్ నుంచి వస్తున్నాడని మా కాంట్రాక్టరుకు కాళ్ళు నిలవడం లేదు. రోడ్డు అద్దంలా ఉండాలి, అంచు నుంచి అంచు దాకా మట్టి కనబడకూడదు అన్నాడు. నాకు కూడా కళ్ళు నెత్తికెక్కాయి. నా చేతి మీద వేసిన రోడ్డు మీద అంత పెద్ద ఆఫీసరు కారు దిగి నడుస్తాడంటే ఉత్తమాటా మరి. ఎర్రమట్టి బాట మీద కూడా కంకర పరిపించి, కంచె మొదళ్ళ దాకా తారు పట్టించేశాను.

ఒక వరుస తారు, ఒక వరుస సన్న కంకర అయ్యాయి. రోలర్ తిరిగింది. ఆమె మడమ పెట్టి చూసుకుంది. దుమ్మే అంటింది. నాకది బూడిదరంగు కొట్టినట్టు కనబడింది. ఇంకో చెయ్యి పోయించి పైన పల్చగా కంకర చల్లితే నలుపు తేలుతుందని నా ఎత్తు. ఆమెను పిలిచి ఇంకో వరుస పొయ్యమన్నాను.

"సరిపోయింది మేస్త్రీ. ఇంక పోస్తే ఎండలకు ఏడుస్తది" అంది.

"ఏడిస్తే నేను ఓదారుస్తాలే, నువ్వు పొయ్యి" అన్నాను.

అందరూ నవ్వారు. నా చమత్కారానికి నేను కూడా నవ్వుకున్నాను. ఆమె నవ్వలేదు. డబ్బా నింపుకుని వెనక్కి నడుస్తూ, ఎప్పటిలాగే ఒకే తీరుగా పోసింది. సాయంత్రం మళ్ళీ మడమ పెట్టి, ఎత్తి నావైపు తిప్పి చూపించింది. మడమ అంతా నల్లగా ఉంది. వెళ్ళి గ్యాసు నూనెతో, అదే కిరోసిన్‌తో, తుడుచుకుంది. మూడోరోజు ఆఫీసరు వచ్చి, రోడ్డు బాగుందన్నాడు. కాంట్రాక్టరు అందరి ముందూ నా భుజం తట్టాడు. ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది.

ఏప్రిల్ సగానికి వచ్చేసరికి రోడ్డు ఏడవడం మొదలుపెట్టింది. పదకొండు దాటితే నడిమధ్య తారు పైకి ఉబికి, నూనె ఒలికినట్టు మెరిసేది. సైకిల్ టైర్లు దాని మీద చిటపటమని శబ్దం చేస్తూ పోయేవి. నర్సమ్మలు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఏరుకుని ఏరుకుని అడుగులు వేసేవాళ్ళు. కాంట్రాక్టరుకు చెప్పాను. వానలొస్తే అదే సర్దుకుంటుందిలే అన్నాడు. నేనూ సరేననుకున్నాను. బూట్లున్నవాళ్ళకు అదొక చికాకు, అంతే కదా అనుకున్నాను. అప్పటికి మేం కాలనీ ఆ చివర గెస్ట్‌హౌస్ దగ్గరికి మారిపోయాం. ఆమె మొగుడికి అరవై పైచిలుకు సూదులు పడ్డాయి, మొహం తేరుకుంది, రక్తం పడటం ఆగింది. పెళ్ళాం పని చెడగొట్టడమెందుకని, కర్ర పట్టుకుని ఒక్కడే దవాఖానాకు పోయి వస్తున్నాడు.

ఉన్నట్టుండి ఆయన లారీలో రావడం మానేశాడు. ఆమెను అడిగితే ఒంట్లో బాగలేదంది. ఆమె రోజూ వచ్చి తన పని తాను చేసుకుపోతుంటే, నేను కూడా ఇంకేమీ తవ్వలేదు. ఐదోరోజు టీ కొట్టు దగ్గర దవాఖానా కాంపౌండరు నన్ను ఆపి, మీ మనిషి రావడం లేదేం, డెబ్బై ఒకటి దగ్గర ఆగిపోయింది అన్నాడు. సాయంత్రం కూలీలతో పాటు నేనూ లారీ ఎక్కాను.

ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ళు రెండూ పాత గుడ్డల మీద పెట్టుకుని ఉన్నాడు. అరికాళ్ళు చూశాను. ఎక్కడ తారో ఎక్కడ పుండో తెలియడం లేదు. ఆయన చెబితే ఇలా జరిగిందని తెలిసింది. ఆ మధ్యాహ్నం పెళ్ళాం పాత టైరు చెప్పులు వేసుకుని బయల్దేరాడు. రోడ్డు నడుమ ఎడమ చెప్పు తారులో ఇరుక్కుంది. గుంజితే చెప్పు పట్టీ తెగింది. నాలుగడుగుల్లో రెండోది కూడా పోయింది. పక్కకు దిగుదామంటే మట్టి లేదు, కంచె మొదళ్ళ దాకా తారే. వెనక్కి పోతే ఆనాటి సూది తప్పుతుంది. ఉత్త కాళ్ళతో మెట్ల దాకా పోయి సూది వేయించుకున్నాడు. మళ్ళీ అదే దారిన తిరిగి వచ్చి, కాళ్ళు గోనెపట్టలో దాచుకుని సాయంత్రం లారీ ఎక్కాడు. ఇంటికొచ్చాక గ్యాసు నూనె పెట్టి రుద్దితే తారుతో పాటు తోలు కూడా ఊడివచ్చింది.

అంతా చెప్పి నా మొహం చూసి నవ్వాడు. "నీ రోడ్డు మంచిగున్నది మేస్త్రీ. పట్టుకుంటే ఇడుస్తలేదు" అన్నాడు.

తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడం కూడా చేతకాలేదు. ఆమెవైపు తిరిగి, ఇన్నిరోజులు నాకెందుకు చెప్పలేదక్కా అని అడిగాను. పొయ్యి దగ్గర నుంచి తల ఎత్తకుండా, "చెప్పిన గద, పోసిన నాడే" అంది.

మర్నాడు పొద్దున్నే ఆయన్ను లారీ ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తెచ్చాను. దవాఖానా మెట్ల దగ్గర వీపు మీద ఎక్కించుకుని లోపలికి తీసుకెళ్ళాను. అంత పొడుగు మనిషి బరువే లేడు. డాక్టరు కాళ్ళకు కట్టు కట్టించి, ఛాతీ మళ్ళీ పరీక్ష చేసి, కోపం పట్టలేకపోయాడు. ఇన్నాళ్ళు తప్పాక పాత సూదులను నేను నమ్మను, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి, ఈసారి ఆగితే నా దగ్గరకు రావద్దు అని కేకలేశాడు. ఆ మనిషి తల వంచుకుని కూర్చున్నాడే గానీ, ఎందుకు తప్పిందో చెప్పలేదు.

"తప్పు ఆయనది కాదు సార్, రోడ్డుది" అన్నాను.

"ఎవరు వేశారా రోడ్డు?" అన్నాడు డాక్టరు.

నేనేనన్నాను. ఆయన నన్నొకసారి కిందికీ పైకీ చూసి, చీటీ మీద ఒకటి అంకె వేసి నా చేతిలో పెట్టాడు. తల కొట్టేసినట్టయింది.

ఆరోజు నుంచి నా పని మారింది. పొద్దున కూలీలను తెచ్చే లారీలోనే కిన్నెరసాని వాగు ఇసుక, గరుకుది, తెప్పించేవాణ్ణి. తారు డ్రమ్ము పక్కన రేకు మీద పోసి వేడి చేసి, పదకొండింటికి ఎక్కడెక్కడ మెరుస్తోందో అక్కడల్లా చల్లేవాళ్ళం. చల్ల ఇసుక పైనే దొర్లిపోతుంది, వేడిదైతే తారును పీల్చుకుని కూర్చుంటుంది. రోలర్ డ్రైవరు అన్నం తినడానికి పోతూ పోతూ దాని మీదుగా ఒకసారి తిప్పేవాడు. ఇలా రోజూ చల్లితే పైకి వచ్చిన తారు కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది. కాంట్రాక్టరుకు తెలిసి ఎగిరిపడ్డాడు. ఇంకో మేస్త్రీని చూసుకోండి బావగారూ అన్నాను. చుట్టరికాన్ని తలచుకున్నాడో, ఆ ఎండల్లో ఇంకో మేస్త్రీ దొరకడని తలచుకున్నాడో, గొణుక్కుని ఊరుకున్నాడు.

అంతటితో నా మనసు నిలవలేదు. ఒక ఆదివారం గడ్డపారలు పట్టుకుని వెళ్ళి, కంచె పక్కన నేను కప్పేసిన రెండడుగుల మేర తారును పగలగొట్టడం మొదలుపెట్టాను. ఎవరినీ పిలవలేదు. పదింటికల్లా ఆమె, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కాలినడకన వచ్చి గంపలు అందుకున్నారు. ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. సాయంత్రానికి పెళ్ళలన్నీ ఎత్తిపోసి ఎర్రమట్టి పరిచాం. నేను వేసిన రోడ్డును నేనే తవ్వుతుంటే క్వార్టర్ల కిటికీల్లోంచి జనం వింతగా చూశారు. చూడనీ అనుకున్నాను.

కాళ్ళు మానేదాకా ఆయన్ను నా సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని నెట్టుకుంటూ దవాఖానాకు తీసుకెళ్ళేవాణ్ణి. పెండ్లినాడు గూడ నాకు గింత మర్యాద కాలేదని అనేవాడు. కాళ్ళు మానాక మట్టిబాట మీద తనే నడిచాడు. రెండో వరసలో పది పడ్డాయి, ముప్పై పడ్డాయి. లెక్క ఆమె కంటే నాకే బాగా గుర్తుండేది. డెబ్బై ఒకటో సూది నాడు పొద్దున్నుంచీ నాకు తిండి సయించలేదు. డెబ్బై రెండోది పడి ఆయన మెట్లు దిగి వస్తుంటే, పనివదిలి వెళ్ళి చూసి వచ్చాను.

తొంభైయ్యోది పడ్డరోజు వాన. సన్నగా, ఆగకుండా కురుస్తోంది. డాక్టరు ఛాతీ చూసి, ఇక భయం లేదు, బిళ్ళలు మాత్రం మానొద్దు అన్నాడు. మెట్లు దిగాక ఆయన మట్టిబాటను వదిలి, కావాలనే, రోడ్డు నడిమధ్యలో ఉత్త కాళ్ళతో నడుచుకుంటూ ముందుకు పోయాడు. చల్లగా ఉందని వెనక్కి తిరిగి మాకు చెప్పాడు. నేనూ ఆమే వెనకాల నడుస్తున్నాం. మూడు నెలలుగా దాచుకున్న మాట అప్పుడు అన్నాను. తప్పు నాదక్కా, ఆరోజు నీ మాట వినాల్సింది అన్నాను.

ఆమె నడుస్తూనే కొంగు తలమీదికి లాక్కుంది.

"నువ్వు చెప్పినవ్. పోసింది నేను గద మేస్త్రీ. ఎక్కువైందని తెలిసి, నా చేతుల్తోటి నేనే పోసిన" అంది. ఇంకాస్త దూరం పోయాక, "ఇంకోపారి నువ్వు చెప్పినా పొయ్య" అంది.

నిజం చెబుతున్నాను, అన్నాళ్ళలో ఆ ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. తప్పంతా నాదేనని ఏడ్చాను, ఇసుక చల్లాను, గడ్డపార పట్టాను, అందరి కళ్ళముందూ నా తప్పును మోసుకుని తిరిగాను. ఆమె మాత్రం ఆ మధ్యాహ్నాలన్నీ అదే డబ్బా పట్టుకుని నా ముందే తారు పోస్తూ, ఒక్కమాట అనకుండా తన వంతు మోసింది. దాని గురించి నేను అడగలేదు.

మరుసటి ఏడాది మాఘంలో గెస్ట్‌హౌస్ ముందు వాకిలి తారు పని. కొత్తగా వచ్చిన కంపెనీ ఇంజనీరు నా పక్కనే నిలబడ్డాడు. కుర్రాడు, మంచివాడే. రోలర్ తిరిగాక, ఇంకొంచెం నలుపు తేలితే బాగుంటుందేమో చూడు మేస్త్రీ, రేపు పెద్దలు దిగుతున్నారు అన్నాడు. సిగ్గు లేకుండా చెప్పుకోవాలి, నా చెయ్యి అలవాటు కొద్దీ గాలిలోకి లేచింది. అక్కా అని పిలిచాను కూడా.

ఆమె నా చెయ్యి చూసింది. నిండు డబ్బాను మెల్లగా కింద పెట్టింది. చెప్పు విప్పి, గోనె పక్కకు జరిపి, రోడ్డు మీద మడమ ఒత్తి నిలబడింది. వేపచెట్టు కింద విస్తర్లు కుడుతున్న ఆమె మొగుడు చెయ్యాపి చూస్తున్నాడు. పది లెక్కపెట్టినంతసేపు ఆమె మడమను అలాగే ఉంచింది. ఆమె కాలెత్తి మడమను నావైపు తిప్పింది. బూడిదరంగు దుమ్ము తప్ప ఏమీ లేదు. నా చెయ్యి దిగిపోయింది.

సరిపోయింది సార్ అన్నాను.

ఎవరు చెప్పారని అడిగాడు ఇంజనీరు.

"పోసేది ఆమె సార్. ఆమెనే అడగండి" అన్నాను.